నిలబెట్టిన ఏరియల్

ట్రాన్స్‌మిటర్ గదిలో ఫ్యానుకి పట్టిన దుమ్ము తుడిచి, మీటరు ముల్లు ఎక్కడుందో పుస్తకంలో రాసి, అసిరయ్య రేడియోని తువాలులో చుట్టాడు. ఈరోజు టికిరి సంత. నెలకోసారి సంతరోజున అక్కడికి పోయి, రేడియో ఎలా వినిపిస్తోందో రాసుకురావడం అతని పని.

రాయగడ కొండమీద అతని కేంద్రం, సెమిలిగుడ కొండమీద ఇంకో మెకానిక్కు మన్మథరావుది. రెండూ చిన్న ఎఫ్‌ఎం రిలే కేంద్రాలే. ఏ మహానుభావుడో రెండింటికీ ఒకే ఫ్రీక్వెన్సీ రాసిపడేశాడు. మధ్యనున్న టికిరిలో వాళ్ల వార్తలమీద వీళ్ల పాటలు పడి అంతా కలగాపులగం. మూడేళ్లు ఉత్తరాలతో కొట్టుకున్నాక, 2003లో పై ఆఫీసు ఒక మాట తేల్చింది. టికిరిలో ఏడాదిపాటు ఎవరిది బలంగా వినిపిస్తే వాళ్లది ఉంటుంది, రెండోది మూతపడుతుంది. విని రాసే పని అసిరయ్య ఒక్కడికే అప్పజెప్పింది. మూతపడిన చోట రోజుకూలీ మెకానిక్కు ఇంటికి పోవాలి. అసిరయ్య పద్నాలుగేళ్లుగా రోజుకూలీయే. పర్మినెంటు కాగితం ఇదిగో అదిగో అంటుండగానే జుట్టు నెరిసింది.

వినేటప్పుడు ఏరియల్ నిటారుగా ఉండాలన్నది రూలు. అసిరయ్య దాన్ని రాయగడ వైపు కాస్త వంచేవాడు. ఆపాటి వంపుకే తన కేంద్రం గెలిచేది. ఏడాదిగా "మాది బలం" అనే రాసి పంపుతున్నాడు. అది తప్పని తెలీక కాదు, కడుపు ఒప్పుకోనివ్వలేదు.

మన్మథరావుని అతను ఎన్నడూ చూడలేదు. రోజూ ఫోనులో తగువులాటే. నిన్న మాత్రం తగువాడలేదు.

"అన్నా, నువ్వు కడ్డీ వంచుతున్నావని టికిరి సంతలో నాకు తెలిసింది. ఎవులికీ సెప్పనేదు. నాదీ పదకొండేళ్ల కూలే," అని పెట్టేశాడు.

బస్సులో దారిపొడవునా అసిరయ్యకి అదే మాట. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎడమచెయ్యి లాగింది. పొద్దున్న తిన్న పులుపనుకుని గుండె రుద్దుకున్నాడు.

సంతలో బుల్లి అనే ఆవిడ నడిపే టీకొట్టు బల్లే అతను వినే చోటు. రేడియో పెట్టి, కడ్డీ వంచబోయి ఆగాడు.

"ఏటి మావా, ఈపాలి వంచనేదు?" అంది బుల్లి గ్లాసు అందిస్తూ.

"ఈ ఒక్కసారీ తిన్నగా ఇంటానమ్మి."

నిటారుగా నిలబెట్టాడు. సెమిలిగుడ గొంతు ఖంగుమంది. తనది అడుగున ఎక్కడో గుసగుసలాడుతోంది. పద్నాలుగేళ్లు తను తుడిచిన యంత్రం గొంతు అది. అతనికి ఏడుపొచ్చింది. కాగితంమీద "సెమిలిగుడ బలం" అని రాశాడు. దానికింద "పాతవి ఏరియల్ వంచి రాసినవి" అని రాసి, సంతకం పెట్టి, చొక్కా జేబులో దాచుకున్నాడు. టీ చల్లారిపోయింది.

తిరుగు బస్సులో కడ్డీ ముడవకుండానే రేడియో ఒళ్లో పెట్టుకుని, కిటికీకి తల ఆనించాడు. రాయగడ స్టాండులో కండక్టరు తట్టి లేపబోతే ఒళ్లు చల్లగా తగిలింది.

ఆస్పత్రిలో చొక్కా కత్తిరించి పక్కన పడేశారు. జేబు ఎవరూ చూడలేదు. ఆఫీసు అతను పంపిన పాత కాగితాలనే చూసి తీర్పు చెప్పింది. ఆ నెలాఖరుకి సెమిలిగుడ కేంద్రం మూతపడింది. మన్మథరావు ఎటు పోయాడో తెలీదు. అసిరయ్య చోట్లోకి కొత్త కూలీ వచ్చాడు.

కండక్టరు తెచ్చిచ్చిన రేడియోని ట్రాన్స్‌మిటర్ గది కిటికీలో పెట్టారు. దాని ఏరియల్ ఇంకా నిటారుగానే ఉంది.