ముసుగోడి మీసం

అరబ్బు దేశంలో, అమ్ఘరా తుక్కు యార్డులో పొద్దున్నే టీ తాగుతా గంగరాజు చేసే మొదటి పని కార్డులు తుడవడం. ఆ కార్డుల్లో ఉండే అమెరికా ఆటగాళ్ళు రాత్రంతా ఏదో నమిలి ఉమ్మేత్తారు మరి. తడిగుడ్డ పెట్టకపోతే అట్ట పాడైపోద్ది.

అమెరికా మిలట్రీవోళ్ళ క్యాంపుల్లో పాతబడ్డ ఇనప బీరువాలు ఈ యార్డుకొత్తాయండి. సొరుగు లాగితే కార్డులు. బేస్‌బాలంట. ఆ ఆటేంటో యార్డులో ఒక్కడికీ తెలీదు. దాచుకోడంలో, మార్చుకోడంలో మాత్రం అందరూ మొనగాళ్ళే. రేటు గంగరాజు పెట్టిందే: మీసమున్నోడొకడికి బోడిమూతోళ్ళు నలుగురు. అమలాపురం అవతల వాళ్ళ తాత మీసానికి ఉయ్యాల కట్టి మనవల్ని ఊపేవోడు. అబద్ధమైతే నా నాలుక ఈ టీలో పడిపోద్ది.

అలాంటి గంగరాజు మోసపోయేడు.

మోసం చేసింది రాయచోటి మునాఫు, గ్యాస్ కటింగు చేసేవోడు. ఓ కార్డు మీద మొహానికి ఇనప జాలీ, చేతికి బుట్టంత తోలు గ్లౌజు, గొంతుక్కూచున్న ఆటగాడు. ఆ కార్డు తెచ్చి, "జాలీ ఎనకాల మూరెడు మీసముండాదన్నా" అన్నాడు. గంగరాజు నమ్మేసి, తన కొమ్ముల మీసమోణ్ణీ గుబురు మీసమోణ్ణీ ఇచ్చేసేడు. నెల గడిచింది. ముసుగోడు ఉమ్మడు, జాలీ తియ్యడు. చెయ్యి చాపుకుని కూచునే ఉన్నాడు.

ఈలోపు మునాఫు వీసా కేన్సిలు చేయించుకున్నాడు. శుక్రవారం విమానం, ఇంక రాడు. రెండు మీసాలూ చొక్కా జేబులో పెట్టుకుని యార్డంతా చూపించుకుంటన్నాడు. గురువారానికి గంగరాజు కోపం ఎంత పెరిగిందంటే, ఎవడో నెత్తి మీద ఖుబ్బూస్ రొట్టె పెడితే అది పూరీలా పొంగింది.

"నా కార్డులు నాకిచ్చెయ్యి."

"మార్చుకున్నాం గదన్నా. ఖలాస్."

"మీసం ఏదిరా?"

"లోపలే ఉండాది. సిగ్గుపడతాండాడు."

"నీకు కామెర్లొత్తే రెండు వారాలు నీ గిన్నె నేను కడిగేను. తమ్ముడనుకున్నాన్రా."

"ఆ గిన్నెకి, కార్డులకి లెక్కేందన్నా?"

గంగరాజు ముసుగోణ్ణి తీసి మునాఫు మొహమ్మీదకి ఇసిరేడు. అప్పుడే పైన క్రేను గొలుసు తెగి లారీ ఇంజను కిందికొచ్చింది, సరిగ్గా మునాఫు నెత్తి మీదకి. గాల్లో ఉన్న కార్డులోంచి ముసుగోడు భుజం దాకా బయటికొచ్చి, గ్లౌజుతో ఇంజన్ని టపీమని పట్టేడు. పట్టి పక్కన పెట్టేడు. ఫోర్‌మేను "యల్లా, లారీ ఎనక్కి తియ్యండి" అని తన పనిలో తాను పడిపోయేడు.

చెమట తుడుచుకోడానికి ముసుగోడు జాలీ ఎత్తేడు. ఉత్త బోడిమూతి. కోడిగుడ్డు మీద అంతకన్నా ఎక్కువ వెంట్రుకలుంటాయి.

"చూసేవా," అన్నాడు గంగరాజు, పళ్ళు కొరుకుతా.

మునాఫు జేబులోంచి రెండు మీసాలూ తీసిచ్చేడు. గంగరాజు లాక్కున్నాడు. కింద పడ్డ ముసుగోణ్ణి తీసి, మసి తుడిచి, మునాఫు జేబులో కుక్కేడు.

"బోడిమూతోడు నాకెందుకు? నువ్వే పట్టుకుపో. ఊళ్ళో లారీలు చూసుకుని నడువు, దరిద్రుడా."

శుక్రవారం మునాఫు ఎళ్ళిపోయేడు. నెల తరవాత పొద్దున్నే కార్డులు తుడిచే యేళకి ఫోను.

"అన్నా, ఈ ముసుగోనికి మీసం మొలస్తాండాది."

గంగరాజు టీ గ్లాసు కింద పెట్టేడు. "ఎంత?"

"నూగే. మొన్న మిద్ది మీంచి మా పాప పడింటే పట్టినాడు, ఆ పొద్దు నుంచే."

"పాప బానే ఉందా?"

"ఆడుకుంటాంది."

"అయితే నా కార్డు నాకు పంపించు."

"ఖలాస్ అన్నా," అన్నాడు మునాఫు.

ఆ పొద్దు గంగరాజు నెత్తి మీద నాలుగు ఖుబ్బూసులు పొంగేయండి. అందులో రెండు నేనే తిన్నాను.