బుడగలో పులుపు

అత్తగారు నేల మీద కక్కినదాన్ని ఆమె మూడోసారి తుడుస్తోంది. బకెట్‌లోని బ్లీచింగ్ నీళ్లు కళ్లను మండిస్తున్నాయి. మొగుడు గుమ్మం అవతల నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, పని ఎలా జరుగుతోందో చూస్తున్నాడు. కూలీలను మేస్త్రీ కూడా అంత శ్రద్ధగా చూడడు.

"నీ ల్యాబు పురుగే ఇది. నువ్వే మోసుకొచ్చావు," అన్నాడు.

"మా ల్యాబుది బయటికి రాదండీ. చేతులు సబ్బుతో కడుక్కోమని నేను ఎన్నిసార్లు..."

"మందుల షాపు నాదా, నీదా?"

పదకొండేళ్లుగా ఏ వాదమైనా ఆ ప్రశ్న దగ్గరే ఆగుతుంది. మందుల షాపు అతనిది. గుమ్మం పక్కన మేకుకు వేలాడే శానిటైజర్ సీసా కూడా అతనిదే. బయటి నుంచి రాగానే రెండు చుక్కలు రాసుకుంటాడు. ఆ చేత్తోనే తల్లి మాత్రలు రేకులోంచి ఒక్కొక్కటీ తీసి ఆమె అరచేతిలో పెడతాడు. ఇంటికి ఎవరొచ్చినా అత్తగారికి అదే ముచ్చట. "మాత్రయినా సరే, నా కొడుకు చేత్తో ఇస్తేనే నాకు దిగుతుంది." కోడలు తుడిచిన నేల, ఉతికిన దుప్పట్లు, ఎత్తిపోసిన బేసిన్లు ఏనాడూ ఎవరికీ ముచ్చట కాలేదు.

ల్యాబులో ఆమె సీసాల్లో కణాలను పెంచుతుంది. వాటికి వైరస్ అంటించి ఏం జరుగుతుందో ఫొటో తీస్తుంది. పద్నాలుగేళ్లుగా అదే పని. ఫొటోలు ఆమెవి, సభల్లో చూపించేది డైరెక్టరు. "మా సీసాలమ్మాయి చేతులు మంచివి," అని ఒకసారి నలుగురిలో మెచ్చుకున్నాడు. నలభై దాటిన అమ్మాయి. చేతులు మంచివట. ఆ చూసిన కళ్లు ఎవరివో చెప్పలేదు.

ఆ కళ్లు చూసింది ఇది. కొన్ని వైరస్‌లకు పైన కొవ్వు పొర ఉంటుంది. కణం పొరా కొవ్వే కాబట్టి, నూనె చుక్కలో నూనె చుక్క కలిసినట్టు కలిసి లోపలికి జారిపోతాయి. శానిటైజర్‌లో ఉండే స్పిరిట్ తగిలితే ఆ కొవ్వు కరిగి చస్తాయి కూడా. ఆమె పనిచేసే రకానికి ఆ పొర లేదు. గట్టి పెంకు ఒక్కటే ఉంది. స్పిరిట్ దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. కలిసిపోవడానికి కొవ్వూ లేదు. మరి లోపలికి ఎలా వెళుతుంది? కణమే తీసుకెళుతుంది. తనను అంటుకున్నదాన్ని తనకు కావలసిందే అనుకుని, పొరను లోపలికి మడిచి, బుడగలా చుట్టి మింగుతుంది. మింగాక అరిగించుకుందామని బుడగలో పులుపు పెంచుతుంది. కణం మోసపోయేది అక్కడే. ఆ పులుపుకే పెంకు సడలుతుంది. లోపల ముడుచుకుని ఉన్న చిన్న ముక్క ఒకటి బయటికొచ్చి బుడగ గోడలో దిగుతుంది. చిల్లు పడుతుంది. ఆ తర్వాత కణం వైరస్ చెప్పినట్టు వింటుంది.

పెళ్లయిన కొత్తలో ఆ కణం తనే అనుకునేది. తలుపు తనే తీసి పిలుచుకుంది మరి. ఇప్పుడు గుడ్డ పిండుతుంటే కణం వాళ్లు, బుడగలో ఉన్నది తను అనిపించింది. తీసుకొచ్చింది వాళ్లు. చుట్టూ గోడ కట్టింది వాళ్లు. "పిల్లల్ని కనలేదు గానీ పురుగుల్ని పెంచుతోంది." "మైక్రోస్కోపులో అన్నీ కనిపిస్తాయట, కూరలో ఉప్పు లేనిది కనిపించదు." "మా వాడు మెత్తన కాబట్టి ఏలుకుంటున్నాడు." చుక్క తర్వాత చుక్క, పదకొండేళ్ల పులుపు. తన లోపల ఏది సడలుతోందో తనకే తెలియలేదు.

ఫోన్ మోగింది. ఆడపడుచు.

"వదినా, అమ్మకెలా ఉంది? మా పిల్లలకి ఇవాళే వాంతులు తగ్గాయి. మొన్న అన్నయ్య వచ్చినప్పుడు చిన్నది ఒళ్లోనే కక్కేసింది పాపం. చొక్కా ఉతికి ఇచ్చాను. చెప్పలేదా?"

"చెప్పలేదు," అంది ఆమె.

ఫోన్ పెట్టేసి అతని వైపు చూసింది. అతను విననే విన్నాడు.

"పిల్లలన్నాక కక్కుతారు. చేతులకు శుభ్రంగా శానిటైజర్ రాసుకునే అమ్మకు మాత్రలిచ్చాను." రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పొద్దున మీ డైరెక్టరుకు ఫోన్ చేశాను. నీ వల్లే అమ్మ మంచాన పడిందని చెప్పాను. రేపు రాజీనామా ఇచ్చి ఇంటిపట్టున ఉండు. అమ్మకు ఒక మనిషి కావాలి."

ఇదన్నమాట అసలు రోగం. ల్యాబులో మైక్రోస్కోపు గది ఒకటుంది. చీకటి గది. ఏమే అని ఎవరూ పిలవని చోటు ఆమెకు లోకంలో అదొక్కటే. అది పోతే ఇక మిగిలేది ఈ బకెట్టు.

అతనికి తెలియనిది ఒకటుంది. ల్యాబు వల్ల జబ్బు వచ్చిందని ఫిర్యాదు వస్తే ఆ ఇంట్లో అందరి నమూనాలూ తీయాలి. మందలో గొర్రె చెవికి గాటు పెట్టినట్టు ల్యాబు వైరస్‌కు ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేకపోతే అది ల్యాబుది కాదు. అడిగితే చెప్పేది. నువ్వక్కడ ఏం చేస్తావని పదకొండేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

మధ్యాహ్నం ల్యాబు నుంచి ఇద్దరు వచ్చారు. చేతులకు గ్లౌజులు, చేతిలో పెట్టె.

"మీ ఫిర్యాదు మీదే వచ్చాం సార్. ముగ్గురి విరేచనం కావాలి. మీదీ కావాలి."

"నాకేం జబ్బు లేదే."

"జబ్బు పడకుండా మోసేవాళ్లుంటారు సార్. ఈ వారం ఎవరింటికి వెళ్లారు, అక్కడ ఎవరికి బాగోలేదు, అవీ రాయాలి. వాళ్ల నమూనాలూ తెచ్చి పోల్చి చూస్తాం."

అతను ఆమె మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లాడు.

"వాళ్లను పంపించెయ్. మా ఆయన పొరపాటు పడ్డాడని చెప్పు. రాజీనామా వద్దులే. ఆ మాత్రలు... అమ్మకు తెలిస్తే తట్టుకోలేదు."

లోపలి మంచం నుంచి అత్తగారి నీరసపు గొంతు వినిపించింది. "ఎవర్రా వచ్చింది? దాన్ని తీసుకుపోవడానికేనా?"

ఆమె తన మణికట్టు మీది వేళ్లను చూసింది. ఇంటి గుట్టుకు ఇన్నేళ్లూ కాపలా తనొక్కతే. ఇవాళ వీళ్లను పంపేస్తే ఈ చెయ్యి నెల తిరగకుండా మళ్లీ ఆ ఫోన్ తీస్తుంది. వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది. ముందుగదిలోకి వెళ్లి వాళ్ల పెట్టెలోంచి నమూనాలకని మూడు తెల్లని డబ్బాలు తెచ్చి, ఒకటి అతని ముందు పెట్టింది.

"ఫిర్యాదు మీరిచ్చిందే కదండీ," అంది. గొంతులో కోపం లేదు. అతను వెనక్కి జరిగాడు. "మూత మీద మీ పేరు రాసేశాను."