మూడో ప్రకటన

మా తమ్ముడు సన్నీ తను ప్రేమించిన శారోన్‌ని వద్దనుకున్న రోజు సాయంత్రం యానాం వెళ్లి బిర్యానీ తినొచ్చాడు. తినడమే కాదు, నాకో పొట్లం కూడా తెచ్చాడు. "అమ్మకి ఇష్టం లేదు కదక్కా. ఎన్నాళ్లని సాగదీస్తాం? ఇంక చాలని చెప్పేసేను" అన్నాడు చెప్పులు విప్పుకుంటూ. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పొట్లం విప్పకుండానే కుక్కకి పెట్టేశాను.

మర్నాడు శారోన్ మా పెరట్లోకి వచ్చి, బట్టలుతికే బండ మీద కూలబడి ఏడ్చింది. నా దగ్గర ఏడ్చింది, వాళ్లమ్మ సూరమ్మగారి ఒళ్లో ఏడ్చింది, చర్చిలో స్త్రీల సమాజం ప్రార్థనలో అందరి ముందూ ఏడ్చింది. ముమ్మిడివరం బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడకి కూడా చెప్పుకుందట. అన్నం మానేసింది, జుట్టు ఊడిపోయింది. సిగ్గు లేదా దీనికి అని నోరు నొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు దాని వీపు నిమిరారు. ఏడాది తిరిగేసరికి పిల్ల మళ్లీ మనుషుల్లో పడింది. నన్ను వదినా అని పిలిచేది కాస్తా అక్కా అనడం మొదలుపెట్టింది.

సన్నీ మాత్రం పగలు రొయ్యల చెరువుల దగ్గర మేత పని, సాయంత్రం వాలీబాల్. శారోన్ మాటెత్తితే "లైట్ తీసుకో అక్కా" అనేవాడు. వీడిది గుండెకాయా, రాయా అనుకునేదాన్ని.

ఇంతలో శారోన్‌కి రాజోలులో టీచరుగా పనిచేసే సుభాష్‌తో పెళ్లి కుదిరింది. మా సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. జంట పేర్లు చెప్పి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. మొదటి ఆదివారం ఆ పేర్లు వినబడ్డాక, కీబోర్డు వాయించే మా సన్నీ తర్వాతి పాట ఎత్తుకోవడమే మర్చిపోయాడు. రెండో ప్రకటన అయ్యేసరికి వాడు అన్నం ముట్టడం లేదు. స్నేహితుడు బుజ్జిబాబుకి చెప్పుకోబోతే "ఆడపిల్లలా ఏంట్రా ఇది, పద యానాం ఎల్దాం" అన్నాడట. మా వాడికి అంతకు మించి స్నేహితులు లేరు.

శనివారం సాయంత్రం చెరువుగట్టు మీద వాణ్ణి పట్టుకున్నాను.

"రేపు లేచి చెప్పేస్తానక్కా."

"ఏం చెప్తావురా?"

"అభ్యంతరం ఉందని."

"వాళ్లకి ముందే పెళ్లయిందేమో, వరస తప్పేమో కనుక్కోడానికి అడిగే మాటరా అది. నీ ఏడుపు కోసం కాదు."

"మరి నా ఏడుపు ఎవరడుగుతారక్కా?"

వాడు నీళ్లకేసి చూస్తూ అన్నాడు. "ఆ రోజు నాకు నిజంగానే ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఊపిరాడ్డం లేదు."

జాలేసింది, భయమూ వేసింది. అభ్యంతరం అన్న మాట ఒక్కసారి పైకొస్తే పాస్టరు అయ్యగారు పెళ్లి ఆపి విచారణ పెట్టాలి. అది తేలేలోపు రాజోలు వాళ్లు వెనక్కి తగ్గుతారు. అంత ఏడ్చి లేచిన పిల్ల మళ్లీ వీధిన పడుతుంది. "నీ కాళ్లు పట్టుకుంటాను, దాని జోలికెళ్లకురా" అన్నాను. వాడు వినిపించుకున్నాడో లేదో తెలియలేదు.

ఆదివారం ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చున్నాను. మా చర్చిలో మగవాళ్లొక వైపు, ఆడవాళ్లొక వైపు. సన్నీ కీబోర్డు దగ్గరికి పోకుండా బుజ్జిబాబు పక్కన కూర్చున్నాడు. వాణ్ణి పట్టి కూర్చోబెట్టడానికి నా చెయ్యి అందదు. నా పక్కనే శారోన్, ఆ పక్కన సూరమ్మగారు. ముందు వరసలో సుభాష్ వాళ్ల పెద్దలు.

జోజి అయ్యగారు మూడో ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయాలన్నారు.

సన్నీ లేచి నిలబడ్డాడు.

సూరమ్మగారు "ప్రభువా" అని గుండె పట్టుకున్నారు. రాజోలు పెద్దలు వెనక్కి తిరిగారు.

"చెప్పు బాబూ. అభ్యంతరమా?" అన్నారు అయ్యగారు.

వాడు నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక ముందురోజు దాకా ఒక్కరికీ బాధ చెప్పుకోనివాడికి ఇంతమంది ముందు మాటలెక్కడినుంచి వస్తాయి?

"అభ్యంతరం కాదండి" అన్నాడు చివరికి. "ఏడుపొస్తందండి. ఎక్కడ ఏడవాలో తెలీట్లేదండి."

మగవాళ్ల వైపు ఒక్కరూ కదల్లేదు. బుజ్జిబాబు వాడి చొక్కా పట్టి "కూర్చోరా" అని లాగాడు. తక్కినవాళ్లు పాటల పుస్తకాల్లోకి తల దూర్చారు.

శారోన్ వాడికేసి చూసింది. దాని కళ్లు పొడిగా ఉన్నాయి. "నేను నిరుడే ఏడ్చేసేనక్కా" అంది నాతో, మెల్లగా. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండును, అదీ లేదు.

అయ్యగారు గొంతు సవరించుకుని "అభ్యంతరాలేమీ లేవు" అన్నారు. పాట నంబరు చెప్పారు. కీబోర్డు మోగలేదు.

నేను లేచి, నడవ దాటి, మగవాళ్ల వైపు వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను. వాడు నా భుజం మీద మొహం పెట్టి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. మా చుట్టూ అంతమంది మగవాళ్లున్నారు. ఒక్కరూ వాడి వీపు మీద చెయ్యి వెయ్యలేదు. ఆ ఏడుపు వినబడకుండా పాట గట్టిగా అందుకున్నారు.