కూర్చోబెట్టిన ప్రేమ

రెండో అంతస్తులో ఉండే మేస్త్రి భార్యను చూస్తే ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మొగుడి చొక్కాకు గుండీలు ఆవిడే పెడుతుంది. మంచం దగ్గరికే నీళ్లు తెచ్చి ముఖం కడుగుతుంది. కాలు కింద పెట్టనివ్వదు. "పువ్వుల్లో పెట్టి చూసుకుంటోంది" అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు. పాఠకులారా, మీరైనా అదే అంటారు. కానీ ఆ ఇంట్లో జరిగింది తెలిస్తే ఆ మాట మీ నోట రాదు.

మేస్త్రి ముప్ఫై ఏళ్లు రాతిపలకలకు మెరుగుపెట్టాడు. ఎందరి ఇళ్లలోనో నేలను అద్దంలా మెరిపించి, ఆ రాతిపొడినంతా తన ఊపిరితిత్తుల్లో నింపుకున్నాడు. "ఇది నయమయ్యేది కాదు" అని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. చెప్పి, ఆస్పత్రిలోనే ఎనిమిది వారాల వ్యాయామ శిక్షణకు పంపాడు. ఊపిరాడనివాడికి వ్యాయామమేమిటని భార్యకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

అక్కడ వ్యాయామం నేర్పే టీచరమ్మ మాత్రం మొండిఘటం. వేడి పాలు ఊదుకున్నట్టు పెదాలు ముడిచి, మెల్లగా గాలి వదలడం నేర్పింది. స్టూలు మీద కూర్చుని స్నానం చెయ్యమంది. నాలుగు మెట్లెక్కి ఆగాలి, ఊపిరి కూడదీసుకుని మళ్లీ ఎక్కాలి అంది. ఎనిమిదో వారానికి మేస్త్రి తన స్నానం తనే చేశాడు. మెట్లు దిగి, వీధి మలుపులో కొట్టుకెళ్లి, పేపరు కొనుక్కుని పైకొచ్చాడు.

"చూశావా, నేనింకా మనిషినే!" అన్నాడు భార్యతో.

శిక్షణ ముగిసిన రోజు టీచరమ్మ ఒకటే మాట చెప్పింది. "ఇంటి దగ్గర రోజూ నడవాలి. ఆపితే వచ్చిందంతా పోతుంది."

రెండు వారాలు బాగానే సాగింది. అప్పుడు మేస్త్రి అక్కగారు చూడ్డానికొచ్చింది. మెట్ల మీద తమ్ముడు కమ్మీ పట్టుకుని రొప్పుతున్నాడు, వెనకే మరదలు "ఇంకో నాలుగే" అంటోంది. అక్కగారు గబగబా మెట్లెక్కి మరదలి మీద విరుచుకుపడింది.

"మనిషి ప్రాణం పోయేలా రొప్పుతుంటే మెట్లెక్కిస్తావా? నీకు మనసెలా వచ్చిందమ్మా?"

"కాస్త ఆయాసం వస్తే భయపడొద్దన్నారు వదినా, ఆస్పత్రిలో..."

"వాళ్లకేం పోయింది! కట్టుకున్నదానివి నువ్వు కదా!"

ఆ కేకలకు నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. మేస్త్రి భార్య సిగ్గుతో చచ్చిపోయింది. మర్నాటి నుంచి ఆయన్ని గడప దాటనివ్వలేదు.

"నన్ను కూర్చోబెట్టకే" అని ఆయన వారం రోజులు పోరాడాడు. తర్వాత ఊరుకున్నాడు. కూర్చున్న చోటికే అన్నీ వస్తుంటే ఎవరు మాత్రం లేస్తారు?

నాలుగు నెలలకు స్నానాలగది దాకా కూడా నడవలేకపోయాడు. ఇద్దరు మనుషులు కుర్చీలో మోసుకుంటూ ఆస్పత్రికి తెచ్చారు. టీచరమ్మ చెయ్యి అందించి లేపింది. మూడడుగులు వేశాడో లేదో మోకాళ్లు మడతపడ్డాయి.

"మళ్లీ మొదలుపెడదామా, మేస్త్రిగారూ?"

"ఇంక ఆ ఓపిక లేదమ్మా" అని ఆయన కళ్లు మూసుకున్నాడు.

టీచరమ్మ ఆయన్ని మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత భార్య వైపు తిరిగింది. "ఊపిరితిత్తుల్ని మేమెప్పుడూ బాగుచెయ్యలేదమ్మా. ఉన్న కాస్త ఊపిరితోనే నడవగలిగేలా కాళ్లకు బలం తెచ్చాం. ఆ బలమే పోయింది. ప్రయత్నిస్తాను, కానీ అప్పటి మనిషిని తెచ్చిస్తానని మాటివ్వలేను."

మేస్త్రి భార్య వరండాలోకి వచ్చి గోడకు చేరగిలబడింది. అక్కడ కొత్తగా శిక్షణకొచ్చిన వాళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన ఆయాసపడుతూ చెప్పుల కోసం వంగబోతే, "మీరుండండి" అని భార్య ఆయన చెయ్యి తోసేసి, తనే తొడగబోయింది.

మేస్త్రి భార్య వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వద్దు తల్లీ, ఆయన్నే వేసుకోనివ్వు. ఎంతసేపైనా పట్టనీ. నా మొగుణ్ణి జబ్బు ఒక్కటే కూర్చోబెట్టలేదు, నలుగురూ ఏమంటారోనని నేనూ కూర్చోబెట్టాను. ఆయాసపడుతూ నడిచేవాళ్లని జాలిపడి ఆపకండమ్మా, పక్కన నడవండి."