శేష్ బాన్‌లో మేక

పాతికేళ్లుగా కరబి సాపుయి, పుస్తకాల బజారు కాలేజ్ స్ట్రీట్‌లో అచ్చయ్యే మాయా నవలలకు ముఖచిత్రాలు వేస్తోంది. ఓ మాంత్రికుడు, పాడుబడ్డ మహలు, నెత్తిన చందమామ, మూలన పుర్రె. పుర్రె లేకపోతే ప్రచురణకర్త బిభూతి సర్‌ఖేల్‌కు అన్నం సయించదు. ప్రేమకథ అయినా సరే, నాయిక జడ పక్కన చిన్న పుర్రె పడాల్సిందే. నవల చదివి బొమ్మ వేసే అలవాటు ఆ వీధిలో ఎవరికీ లేదు. చదివి అచ్చువేసే అలవాటు బిభూతికీ లేదు.

ఈసారి ఆయన పని ఫోన్లోనే చెప్పాడు.

"కరబీ దిదీ, నవల పేరు 'శేష్ బాన్'. పుస్తకాల మేళాకి పట్టుమని పదిహేను రోజుల్లేవు. బొమ్మ అదిరిపోవాలి."

బెంగాలీలో బాణమూ బానే, వరదా బానే. రాతలో ణ, న తేడా ఉంటుంది గానీ నోట్లో రెండూ ఒకటే. కరబికి చివరి వరద అనే వినపడింది. ఏటా వరదలొచ్చే ఘాటాల్‌లో పుట్టిన మనిషికి ఇంకేం వినపడుతుంది? ఏడేళ్లప్పుడు ఇంటికప్పు మీద మూడు రోజులు కూర్చుంది. ఆ మట్టిరంగు నీళ్లు, కొట్టుకుపోతున్న వంటింటి తలుపు, దాని మీద ఓ మేక. పాతికేళ్లలో మొదటిసారి ఆవిడ తనకోసం బొమ్మ వేసుకుంది. పుర్రె వేయలేదు. అది అలాగే అచ్చవ్వాలని ఆశపడినంతగా పెళ్లినాడు కూడా దేనికీ ఆశపడలేదు.

బొమ్మ చూసి బిభూతి తల పట్టుకున్నాడు.

"ఇదేంటి దిదీ! ఇది రాజకుమారుడి ఆఖరి బాణం కథ. మేకెందుకొచ్చింది?"

"పెద్ద ణ అని చెప్పొద్దూ మరి?"

"పెద్ద ణ పలకడం మా తాతక్కూడా రాదు!"

రచయిత అర్క పక్కనే ఉన్నాడు. అతనికిది మొదటి నవల. "పర్లేదు దాదా, చివర్లో ఓ వరద పెట్టేస్తాను. శాపం తగిలి రాణి మేకయిపోయిందని రాస్తాను," అన్నాడు వినయంగా. కళకోసం ఇంత త్యాగం చేసే రచయితను కరబి అంతవరకు చూడలేదు.

"బొమ్మ మాత్రం ముట్టుకోకండి బిభూతిదా," అని బతిమాలింది. ఆయన గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాడు.

మేళాలో పుస్తకం చేతికొచ్చింది. లోపల కథలో మేక చేరింది, పైన బొమ్మలో మాయమైంది. నీళ్లూ తలుపూ అలాగే ఉన్నాయి, మేక ఉన్నచోట మాత్రం పుర్రె, పుర్రె కంట్లో బాణం. జనం ఎగబడి కొంటున్నారు. కరబికి ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

"ముట్టుకోనని మాటిచ్చారుగా!"

"నేను ముట్టుకోలేదు దిదీ, కంప్యూటర్ ముట్టుకుంది."

అంతలో ఓ ముసలావిడ పుస్తకం అందుకుని, అట్ట వంక చాలాసేపు చూసింది. "మా ఊళ్లో వచ్చిన నీళ్లు ఇలాగే ఉండేవి. ఈ అట్ట ఒక్కటీ ఇస్తావా బాబూ? దయ్యాల కథలు నేను చదవను."

"అట్ట విడిగా అమ్మం మాసీమా," అన్నాడు బిభూతి.

కరబి పుస్తకం లాక్కుని అట్ట చర్రున చింపింది. అందులోంచి పుర్రె ముక్కను గిల్లి తీసి బిభూతి జేబులో కుక్కింది. మిగిలిన కాగితం ముసలావిడ చేతిలో పెట్టింది.

"ఈ చిల్లు దగ్గర అసలు ఏముండేదమ్మా?"

"మేక, మాసీమా."

"అయ్యో! బతికిందా?"

"బిభూతిదా చేతిలో పడేదాకా బతికే ఉంది," అంది కరబి.