ర్యామ్‌కి పెట్టిన బొట్టు

ఈ ఉదయం కంప్యూటరు మూడుసార్లు కూస్తుంది, మా ఆయన నడుము కింద నుంచి కనిపించడం మానేస్తాడు. మోకాళ్ళు నిన్ననే పోయాయి.

నేను కాఫీ గ్లాసు ఆయన చేతికిస్తాను. చెయ్యి ఉంది. గొంతూ ఉంది. మిగతాది ఎక్కడికి పోయిందని అడగను, నాకు తెలుసు కాబట్టి. పద్దెనిమిదేళ్ళ కిందట కొన్న కంప్యూటరది. దానికి మతిమరుపు వచ్చింది. అది మరిచిపోయినవన్నీ రాజమండ్రిలోంచి వెళ్ళిపోతున్నాయి.

మాది డి.టి.పి. సెంటరు. శుభలేఖలు వేస్తాం. మొన్న అది వేమగిరి వాళ్ళ శుభలేఖ మరిచిపోయింది. మర్నాడే ఆ దంపతులు వచ్చి మా గుమ్మం ముందు ఎడంగా నిలబడ్డారు.

"అమ్మా, మాకు పెళ్ళయిందాండి?" అని అడిగాడు అతను.

"అవ్వకేం నాయనా! మీ పెళ్ళి భోజనంలో పనసపొట్టు కూరకి ఆవ ఎక్కువైందని మా ఆయన మూడు రోజులు దెప్పితేనూ."

వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. సరేననుకుని ఒకే గొడుగులో వెళ్ళారు. కానీ మధ్యలో ఇంకా జానెడు సందుంది.

ఆ శుభలేఖలన్నీ టైపు కొట్టింది మా ఆయనే. పద్దెనిమిదేళ్ళు అదే కుర్చీలో కూర్చుని కొట్టీ కొట్టీ, తనని తాను కూడా అందులో కొట్టేసుకున్నాడు. అందుకే అది ఆయన్ని కూడా మరిచిపోతోంది.

"ఇంకొక్కసారి కూసిందంటే నేనుండనేమోనే," అంటాడు భీమశంకరం, అంటే మా ఆయన. "కొత్త కంప్యూటరు కొనుక్కో వేణీ. హాయిగా ఉంటుంది."

"కొత్తదాంట్లో మీరుంటారా?"

"ఉండను."

"అయితే నోరు మూసుకుని కాఫీ తాగండి."

ఆయన తాగుతాడు. కాఫీ నడుము దాకా వెళ్ళి ఆగిపోతుంది.

నేను కంప్యూటరు పెట్టె విప్పి ర్యామ్ ముక్క బయటికి తీస్తాను. వేలెడు పొడవు పచ్చటి పలక. అడుగున వరసగా బంగారు పళ్ళు, వాటి మధ్య ఒక గాడి. కంప్యూటరు జ్ఞాపకమంతా అందులోనే ఉంటుందని దీన్ని బిగించినాయన అప్పట్లో చెప్పాడు. దాన్ని పసుపు గుడ్డలో చుట్టగానే కుర్చీ ఖాళీ అవుతుంది. మా ఆయన గొంతు గుడ్డలోకి వస్తుంది.

"ఊపిరాడట్లేదే."

"కాసేపు ఓర్చుకోండి," అంటాను.

కంప్యూటరు షాపులన్నీ ఒకే సందులో ఉంటాయి. మొదటి షాపులో ఈ సంవత్సరం ఉంటుంది. లోపలికి పోయిన కొద్దీ ఒక్కో షాపు ఒక్కో ఏడాది వెనక్కి. నేను ఎంత నడిస్తే సందు అంత పొడుగవుతుంది.

మొదటి షాపులో పిల్ల నా అరచేతిలో కొత్త ర్యామ్ పెడుతుంది. అది వెచ్చగా ఉంది. ఎంత చురుకైనదంటే, రేపు నేను దోసకాయ పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోవడం దానికి ఇప్పుడే గుర్తుంది. నాకు ముచ్చటేస్తుంది.

"కొత్తొక వింత, పాతొక రోతానూ," అంటాడు గుడ్డలోంచి ఈయన. అసూయ, మరేం కాదు.

"ఇది మీ పాత కంప్యూటరు బోర్డుకి పట్టదండి," అంటుంది పిల్ల. "గాడి వేరే చోట ఉంది. నొక్కారంటే విరుగుతుంది."

"పోనీ, ఆ ఆలోచించే ముక్క, ప్రాసెసరు మారిస్తే?"

"మీ బోర్డు మీద పీట చిన్నదండి. కొత్తది కూర్చుంటే సగం బయటే ఉంటుంది."

నిజమే మరి. నేను సందులో వడివడిగా నడుస్తాను.

"కాస్త మెల్లగా నడవవే," అంటాడు గుడ్డలోంచి. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే మాట. బజారులో ఎప్పుడూ నేను పదడుగులు ముందు, ఆయన సంచులు పట్టుకుని వెనక. ఆగితే మంచి వంకాయలు ఎవరో ఎత్తుకుపోతారని నా బెంగ.

సందు చివర రెండువేల ఏడు ఉంది. అక్కడ మస్తాన్ గారు కూర్చుని ఉంటారు. మా కంప్యూటరు బిగించి ఇచ్చింది ఈయనే. ఈయన జుట్టు ఇంకా నల్లగానే ఉంది, ఆ ఏడాదిలోంచి కదల్లేదు మరి.

మస్తాన్ గారు గుడ్డతోనే ర్యామ్ ముక్క చెవి దగ్గర పెట్టుకుంటారు. "ఏవండోయ్ భీమశంకరం గారూ, బాగున్నారా?"

"ఆయ్, ఏదో ఇలా ఉన్నానండి."

"పొంతన చూద్దాం," అని మస్తాన్ గారు పంచాంగం అంత పుస్తకం తీస్తారు. పిల్లా పిల్లాడి జాతకాలు కలిపినట్టే వేలు పెట్టి వరసలన్నీ చూస్తారు. "ఆలోచించే ముక్కకి ఏ జబ్బూ లేదమ్మా. ప్రాసెసరు జోలికి పోకండి. జ్ఞాపకానికే తోడు కావాలి. ర్యామ్ గుచ్చే రెండో స్లాటు మొదట్నుంచీ ఖాళీగానే ఉంది కదా."

"ఆ తోడేదో ఇవ్వండి మరి."

"నా దగ్గర అయిపోయాయి. ఆ ఏడాదిదే కావాలి, గాడి అక్కడే ఉండాలి. మీ దగ్గర ఉంటుందేమో చూసుకోండి."

నేను కొప్పులో వెతుకుతాను. పిన్నుల మధ్య దొరుకుతుంది, అదే పచ్చటి పలక, అవే పళ్ళు. తడిమితే అందులో ఏముందో తెలుస్తుంది. కంప్యూటరు ఇంటికి తెచ్చిన రోజు అది. నేను కీబోర్డు చంకలో పెట్టుకుని ముందు పోతున్నాను. ఆయన పెట్టెని పసిబిడ్డలా ఎత్తుకుని, గొయ్యి గొయ్యికీ ఆగి, ఎక్కడో వెనక వస్తున్నాడు. "ఏవిటండీ ఆ నత్తనడక!" అని నేను అరుస్తున్నాను. ఆయన నవ్వుతున్నాడు.

"గాడి కుదిరింది," అంటారు మస్తాన్ గారు. "కానీ మీది మహా స్పీడమ్మా."

"మంచిదే కదండీ? ఆయన్ని లాక్కొచ్చేస్తుంది."

"లాక్కురాదు. రెంటినీ పక్కపక్కన పెడితే రెండూ నెమ్మదిదాని నడకే నడుస్తాయి. మీ స్పీడు మీరు వదులుకోవాలి, అదీ ఇక ఎప్పటికీ. ఒప్పుకుంటారా మరి?"

గుడ్డలో చప్పుడు లేదు. నాకు భయమేస్తుంది. ఆయన ఒక్కసారి సణిగితే బావుణ్ణనిపిస్తుంది. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారైనా ఆగి ఉండాల్సింది.

"ఒప్పుకుంటానండి. మా ఆయన్ని నాకు ఇప్పించండి చాలు."

మస్తాన్ గారు గుడ్డ విప్పి మా ఆయన ముక్కని తిరగేస్తారు. బంగారు పళ్ళ మీద ఎర్రటి పొర ఉంది.

"ఇదేంటమ్మా ఇది?"

"కుంకుమ. దసరాకి ఆయుధపూజ చేస్తాం కదండీ."

"బొట్టు పెట్టెకి పెడతారు గానీ, పెట్టె విప్పి పళ్ళకి పెడతారా తల్లీ! అందుకే కంప్యూటరుకి ఆయన అందట్లేదు."

"పెట్టెలో ఆయన లేడు కదండీ. ఇందులో ఉన్నాడు. పూజ ఆయనకే కదా నేను చేసింది."

మస్తాన్ గారు సొరుగులోంచి పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు తీస్తారు.

"గుర్తు రావాలంటే చెరపాలమ్మా," అని పళ్ళ మీద మెల్లగా రుద్దుతారు.

"అబ్బ, చక్కిలిగిలి," అంటాడు మా ఆయన. నాకు ప్రాణం లేచి వస్తుంది.

రబ్బరు పొట్టు ఎర్రగా రాలుతుంది. పద్దెనిమిది దసరాలు. నేను వాటిని పారెయ్యనివ్వను, కొంగున ముడి వేసుకుంటాను.

ఇంటికొచ్చి రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి నొక్కుతాను. టక్, టక్. కంప్యూటరు ఒక్కసారే కూస్తుంది. ఒక్క కూతంటే అంతా సవ్యంగా ఉందని అర్థం.

అయినా ఆయన వెంటనే రాడు. నేను కుర్చీ పక్కన కూర్చుంటాను. తొందర పెట్టను. మొదట చెప్పులు వస్తాయి. గోడ గడియారం రెండు గంటలు కొట్టాక మోకాళ్ళు వస్తాయి. లుంగీ, చొక్కా, చొక్కా జేబులో కళ్ళజోడు. అన్నిటికన్నా ఆఖర్న మొహం వస్తుంది.

ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోతాడు. "ఇక్కడే ఉన్నావేంటే? ఈపాటికి ముందు వెళ్ళిపోయుంటావనుకున్నాను."

"ఉన్నాను," అంటాను. ఏడుపొస్తుంది, ఏడుస్తాను.

కళ్ళు తుడుచుకుని సంచి తీసుకుంటాను. ఇద్దరం వంకాయలకి బయల్దేరతాం. ఆయన గొయ్యి గొయ్యికీ ఆగుతాడు. నేనూ ఆగుతాను. కొంగుముడి ఎక్కడో వదులైంది, ఆగిన చోటల్లా ఎర్రటి పొట్టు ఒక చిటికెడు రాలుతోంది.

"వెనక ఎవరో వస్తున్నారే," అంటాడు.

తిరిగి చూస్తాను. వేమగిరి దంపతులు, మధ్యలో సందు లేకుండా. వాళ్ళ వెనక, మేం శుభలేఖలు వేసిన జంటలన్నీ పెళ్ళిబట్టల్లో వస్తున్నాయి. రోడ్డంతా నిండిపోయినా ఎవరూ మమ్మల్ని దాటట్లేదు. అందరికన్నా చివర గోదావరి, రేవు ఎక్కి వచ్చి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఆయన ఆగిన చోటల్లా ఆగుతూ నడిచి వస్తోంది.