బోర్లా నట్టువాంగం

మా ఆయన నడుములో డిస్కు జారిందని స్కానింగులో తేలిన రోజు, ఆయన డాక్టరుగారిని అడిగిన మొదటి ప్రశ్న, "మళ్లీ నేల మీద ఎప్పుడు కూర్చోవచ్చండీ?" అని. ఎడమ కాలు మడమ దాకా కరెంటు పాకినట్టు లాగేస్తుంటే, ఈయనగారికి కూర్చోవడం మీదే ధ్యాస.

కూచిపూడి మాస్టారు మరి. ముప్పయ్యేళ్లుగా స్టేజీ మీద ఓ పక్కన బాసింపట్టు వేసుకుని, తాళాలు వాయిస్తూ, నోటితో జతులు చెబుతూ పిల్లల్ని ఆడిస్తున్నారు. దాన్నే నట్టువాంగం అంటారు. పక్కన కూర్చుని పాడేది నేను.

ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నారు డాక్టరుగారు. చాలామందికి కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుందట. అప్పటిదాకా నేల మీద కూర్చోకూడదు, ముందుకు వంగకూడదు, రోజూ నడవాలి. ఫిజియోథెరపీ చేసే బ్లెస్సీ అనే అమ్మాయి ఈయన్ని బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద ఛాతీ పైకి లేపించింది.

"కాల్లో ఎలా ఉందండీ మాస్టారూ?"

"మడమ వదిలి పిక్కలోకి వచ్చిందమ్మా నొప్పి."

"అదే కావాలండీ. అలా పైకి వస్తోందంటే తగ్గుతున్నట్టే."

ఆనాటి నుంచి నొప్పి ఎక్కడిదాకా వచ్చిందో రైల్వే స్టేషన్లో చెప్పినట్టు అరిచి చెప్పేవారు. పిక్క, మోకాలు, తొడ. నాకు వంటింట్లోకి వినపడేది.

అసలు గొడవ మా శిష్యురాలు మనోజ్ఞ రంగప్రవేశంతో, అంటే తొలి స్టేజీ ప్రదర్శనతో వచ్చింది. మూడు వారాలే ఉంది. వాళ్ల నాన్న జయకృష్ణగారికి వన్ టౌన్లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ షాపు. బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వచ్చారు.

"మీరు కష్టపడకండి మాస్టారూ. పాటలన్నీ రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టించేద్దాం. మీరు హాయిగా ఇంట్లో రెస్టు తీసుకుందురుగాని."

ఆయన వెళ్లాక మా ఆయన మొహం నేను చూడలేకపోయాను. "ఒక్కసారి పెన్‌డ్రైవ్ స్టేజీ ఎక్కిందంటే నేను మళ్లీ ఎక్కను పార్వతీ. దానికి నడుం ఉండదు" అన్నారు.

కుర్చీ వేయిద్దామన్నాను. పది నిమిషాలకే కాలు మొద్దుబారుతోంది. నిలబడి తాళం వేయమన్నాను. అదీ అంతే. ఇక మిగిలింది బ్లెస్సీ నేర్పిన భంగిమ ఒక్కటే. మోచేతులు నేలకు ఆనితే అరచేతులు ఖాళీయే కదా, తాళాలు పట్టుకోవచ్చన్నారు ఈయన. మధ్యమధ్యలో తల దించి రెస్టు తీసుకోమని ఆ అమ్మాయీ ఒప్పేసుకుంది. నాకు మాత్రం సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది.

తెర లేచింది. జరీ పంచె కట్టుకుని, బొంత మీద బోర్లా, మనోజ్ఞ వైపు, ఆవలి పక్కనున్న నటరాజ విగ్రహం వైపు తల పెట్టి ఉన్నారు మా ఆయన. చేతులు రెండూ ముందుకు చాచి, తాళాలు దగ్గరగా పట్టుకున్నారు. ముందు వరసలో మనోజ్ఞ నాయనమ్మ రావమ్మగారు గబుక్కున లేచారు.

"చూశార్రా! గురువుగారు ఆ నటరాజుకి సాష్టాంగపడ్డారు!"

గురువు నేల మీద పడి దణ్ణం పెడుతుంటే కుర్చీలో ఎవరు కూర్చుంటారు? మూడొందల మందీ లేచి చేతులు జోడించారు. ఆయన లేచాక కూర్చుందామని వాళ్ల ఉద్దేశం. ఆయన లేవరు. జతిస్వరం అయింది, దశావతార శబ్దం అయింది. జనం నడుముల మీద చేతులు వేసుకుని మూలుగుతున్నారు. కూర్చోండి బాబూ అని పాట మధ్యలో నేనెలా చెప్పను? చివరికి రావమ్మగారు మోకాళ్లు తట్టుకోలేక నడవాలో ఆవిడా బోర్లా పడుకున్నారు. అంత పెద్దావిడే పడుకున్నాక మిగతావాళ్లు ఆగుతారా? ముఖ్య అతిథిగారు కోటుతో సహా పడుకున్నారు.

తరంగం వచ్చేసరికి హాలంతా బోర్లా. మనోజ్ఞ ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ప్రాణం పెట్టి ఆడుతుంటే, తల ఎత్తి చూస్తున్నది మోచేతుల మీద లేచిన మా ఆయన ఒక్కరే. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. మా పాపకు కూడా సాష్టాంగ నట్టువాంగం కావాలండీ అని. జయకృష్ణగారు పెన్‌డ్రైవ్ ఊసే ఎత్తలేదు. మా ఆయన పొంగిపోయారు.

నాలుగు నెలలకు నొప్పి తొడలోనూ లేదు, నడుములోనూ లేదు. కాసేపు కాసేపు నేల మీద కూర్చోవచ్చన్నారు డాక్టరుగారు. మైలవరం ప్రోగ్రాంలో ఈయన సంబరంగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అక్కడి నిర్వాహకుడు యేసుబాబు పరుగున వచ్చాడు.

"గురువుగారూ, ఏమీ అనుకోకండి. కూర్చుని వాయించేవాళ్లయితే మాకు ఊళ్లోనే ఉన్నారండీ. మీరు పడుకుంటారనే ఇంత దూరం పిలిపించాం."

మా ఆయన నా వంక చూశారు. తర్వాత మెల్లగా బోర్లా తిరిగారు.

ఇంటికొచ్చాక పంచె కూడా మార్చుకోకుండా చాప పరిచారు. బాసింపట్టు వేసుకుని, వీపు నిటారుగా పెట్టి, తాళాలు చేతిలోకి తీసుకున్నారు.

"ఒక్క తరంగం పాడు పార్వతీ. కూర్చుని వేస్తాను."

ఏడుపు ఆపుకోలేకపోయాను. దారినపోయేవాళ్లు ఎవరైనా చూసి, మాస్టారు కూర్చోగలరని ఊరంతా చెబుతారేమోనని, లేచి వెళ్లి వీధి తలుపు గడియ పెట్టి వచ్చి పాడాను.